పాటగాళ్ళను చంపిందెవరు? - ఒక పరిశీలన

1997 మార్చి 9న అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో 24 ఏళ్ళ రాప్ గాయకుడొకరు కారులో కూర్చుని ఉండగానే తుపాకీ గుండ్లకు బలైపోయాడు. సరిగ్గా 28 రోజుల తర్వాత, ఏప్రిల్ 6న, సికింద్రాబాద్ దగ్గరి అల్వాల్ వెంకటాపురంలో గద్దర్ ఇంటికి వచ్చిన దుండగులు ఆయన మీద కాల్పులు జరిపారు. ఆ తర్వాత రెండేళ్ళకు, 1999 మే 26న, భువనగిరిలో బెల్లి లలిత అనే 25 ఏళ్ళ గాయనిని హత్య చేశారు.

 మొదటి గాయకుడికీ, మిగతా ఇద్దరికీ భాష వేరు, దేశం వేరు, పాట వేరు. కానీ ముగ్గురి చేతిలోనూ ఉన్నది పాటే. ముగ్గురి మీదా దాడి జరిగిన తర్వాత జనం అడిగిన ప్రశ్న కూడా ఒక్కటే: ఎవరు చేశారు? ఎవరు చేయించారు?

తమ్ముళ్ళూ, ఈ విషయం మీద మన సంచికకు రాయాలనుకోవడానికి ఒక కారణం ఉంది. ఇప్పుడు మన హాస్టళ్ళలో రాప్ పాటలు వినని పిల్లవాడు లేడు. టుపాక్‌ను ఎవరు చంపారన్నదాని మీద గంటలకొద్దీ మాట్లాడగలిగే తమ్ముళ్ళు నాకు తెలుసు. అదే తమ్ముళ్ళను బెల్లి లలిత ఎవరని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. తప్పు వాళ్ళది కాదు. ఎవరూ చెప్పలేదు, ఏ పాఠంలోనూ లేదు. కాబట్టి ఆ పాఠాన్ని మనమే రాసుకుందాం.

రాప్ పుట్టుక

రాప్ అంటే తాళానికి తగ్గట్టు ప్రాస కలిపి మాటలను వేగంగా చెప్పే పాట. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో డీజే కూల్ హెర్క్ అనే యువకుడు రికార్డులు వాయించిన ఒక విందును ఈ సంస్కృతి పుట్టినరోజుగా చెప్పుకుంటారు. బ్రాంక్స్ అప్పుడు పేద నల్లజాతి వారు, వలస వచ్చిన వారు ఉండే వాడ. వాయిద్యాలు కొనే స్తోమత లేనివాళ్ళు పాత రికార్డులనే వాయిద్యాలు చేసుకున్నారు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. వేములవాడ మండలం హన్మాజిపేటకు చెందిన మిద్దె రాములు ఒగ్గు కథ చెప్పినప్పుడు కూడా మాట పాటయ్యేది, పాట మాటయ్యేది. వెనుక డోలు, తాళాలు, పక్కన వంత పలికే వాళ్ళు. ఒకచోట పేదవాడ, ఇంకోచోట పల్లె. రెండుచోట్లా బడి చదువు అందనివాళ్ళు తమ కష్టసుఖాలను చెప్పుకున్నది ఇట్లాంటి పాటతోనే.

తూర్పు, పడమర కొట్లాట

టుపాక్ షకూర్ 1971 జూన్ 16న పుట్టాడు. తల్లి అఫేని షకూర్ బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్త. కడుపుతో ఉండి, తన కేసును కోర్టులో తానే వాదించుకుని నిర్దోషిగా బయటపడిన మనిషి. అట్లాంటి తల్లి కొడుకు పేదరికం గురించి, పోలీసుల దౌర్జన్యం గురించి పాడి పేరు తెచ్చుకున్నాడు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు చెందిన క్రిస్టఫర్ వాలెస్ 'నొటోరియస్ బి.ఐ.జి.' పేరుతో పాడేవాడు. అభిమానులు బిగ్గీ అంటారు. మొదట్లో వీళ్ళిద్దరూ స్నేహితులే.

1994 నవంబరు 30న న్యూయార్క్‌లోని ఒక రికార్డింగు స్టూడియోలో టుపాక్ మీద కాల్పులు జరిగాయి. అతడు బతికాడు. కానీ ఆ దాడి సంగతి బిగ్గీ బృందానికి ముందే తెలుసని అతడికి అనుమానం కలిగింది. వాళ్ళు కాదన్నారు. అక్కడి నుంచి మాట మాట పెరిగింది. పడమటి తీరంలో డెత్ రో అనే కంపెనీ, తూర్పు తీరంలో బ్యాడ్ బాయ్ అనే కంపెనీ. ఒకరిని తిడుతూ ఇంకొకరు పాటలు చేశారు. పత్రికలు ఆ తిట్లను ముఖచిత్రాలు చేశాయి. గొడవ పెరిగిన కొద్దీ రికార్డులు అమ్ముడుపోయాయి. ఇద్దరు కుర్రాళ్ళ అపార్థం చాలామందికి వ్యాపారమైంది.

1996 సెప్టెంబరు 7న లాస్ వెగాస్‌లో మైక్ టైసన్ బాక్సింగ్ పోటీ చూసి వస్తుండగా కారులో ఉన్న టుపాక్‌ను కాల్చారు. సెప్టెంబరు 13న చనిపోయాడు. అప్పటికి 25 ఏళ్ళు. ఆరు నెలలకు బిగ్గీ. వెనుక కారులో ఉండి టుపాక్ మీద కాల్పులను చూసిన అతడి బృంద సభ్యుడు యాకి కడాఫి కూడా ఆ నవంబరులోనే న్యూజెర్సీలో తుపాకీ గుండుకు చనిపోయాడు. ఇక సాక్ష్యం చెప్పడానికి ఎవరు ముందుకు వస్తారు? పోలీసులకు ఏమీ చెప్పకూడదన్నది ఆ వీధుల్లో ఒక కట్టుబాటు. భయం ఒకవైపు, కట్టుబాటు ఒకవైపు.

టుపాక్ కేసులో మొదటి అరెస్టు 27 ఏళ్ళ తర్వాత, 2023 సెప్టెంబరు 29న జరిగింది. కాల్పులు జరిగిన కారులో తాను కూడా ఉన్నానని పుస్తకంలోనే రాసుకున్న డ్వేన్ డేవిస్ అనే వ్యక్తిని పట్టుకున్నారు. కోర్టులో అతడు నేరం ఒప్పుకోలేదు. బిగ్గీ హత్యకు మాత్రం ఎవరికీ శిక్ష పడలేదు. అతడి తల్లి వొలెటా వాలెస్ బడిపంతులమ్మ. ఆమె లాస్ ఏంజెలెస్ నగరం మీదే దావా వేసింది. పోలీసు శాఖ కొన్ని కాగితాలను దాచిపెట్టిందని తేలడంతో 2005లో ఆ విచారణ మధ్యలోనే రద్దయింది. ఆ తల్లి తీర్పు చూడకుండానే 2025 ఫిబ్రవరిలో కన్నుమూసింది.

వెన్నులో తూటా

ఇప్పుడు మన నేలకు వద్దాం. గుమ్మడి విఠల్ రావు మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టాడు. జననాట్యమండలిలో పాడి గద్దర్ అయ్యాడు. గోచీ, గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జైత్రయాత్ర నడిచిన జగిత్యాల ప్రాంతంలో ఆయన పాట వినకుండా పెరిగిన తరం లేదు. మా అమ్మ బీడీలు చుట్టుకుంటూ కూనిరాగం తీసే పాటల్లో సగం ఎవరు కట్టారో ఆమెకు తెలియదు. చదువు రాని మనిషి నోటికి పాట అట్లా చేరింది.

1997 నాటికి ఆయన బూటకపు ఎన్‌కౌంటర్లకు వ్యతిరేకంగా, చనిపోయిన వారి శవాలను తల్లిదండ్రులకు అప్పగించాలని తిరుగుతున్నాడు. అప్పుడే కాల్పులు జరిగాయి. డాక్టర్లు ఆపరేషన్ చేసి తూటాలు తీశారు. వెన్నులో ఉన్న ఒక తూటాను తీస్తే ప్రాణానికి ప్రమాదమని అట్లాగే వదిలేశారు. ఆ తూటాతోనే ఆయన 26 ఏళ్ళు ఆడాడు, పాడాడు. 2023 ఆగస్టు 6న మరణించాడు. ప్రభుత్వ లాంఛనాలతో అల్వాల్‌లో అంత్యక్రియలు జరిగాయి. 2025లో ఆయన పేరు మీద రాష్ట్ర ప్రభుత్వం సినిమా అవార్డులు కూడా ఇచ్చింది. కానీ ఆయనను కాల్చినందుకు ఒక్కరికీ శిక్ష పడలేదు. అవార్డు ఇవ్వడం సులువు, కేసు తేల్చడం కష్టం అన్నమాట.

బెల్లి లలిత

బెల్లి లలిత ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆత్మకూరు మండలం నాంచారిపేటలో పుట్టింది. తండ్రి ఒగ్గు కథ కళాకారుడు. పేదరికం వల్ల పెద్ద చదువు లేదు. భువనగిరిలో స్పిన్నింగ్ మిల్లులో కూలి పని చేసింది. అక్కడే కార్మికుల కోసం పాడటం మొదలుపెట్టింది. 1997 మార్చిలో భువనగిరిలో 'దగాపడ్డ తెలంగాణ' సభ జరిగింది. ప్రత్యేక రాష్ట్ర ఆకాంక్షను మళ్ళీ లేపిన సభల్లో అది ముఖ్యమైనది. ఆ రోజుల్లో లలిత గొంతు ఊరూరా వినిపించింది. తెలంగాణ కళాసమితిని నడిపించింది. జనం ఆమెను గానకోకిల అన్నారు.

ఆమెను ఎత్తుకెళ్ళి చంపి, శరీరాన్ని 17 ముక్కలు చేసి పారేశారు. ఈ ఒక్క వాక్యం రాయడానికే చేయి రాదు. అయినా రాయాలి. ఎందుకంటే అది ఒక మనిషిని చంపడానికి మాత్రమే చేసిన పని కాదు. చూసిన వాళ్ళు, విన్నవాళ్ళు ఇంకెప్పుడూ వేదిక ఎక్కకూడదని చేసిన పని. ఆ తర్వాత ఆమె బంధువుల మీద, తోటివారి మీద కూడా దాడులు జరిగాయి. ఆమె సోదరుడు ఏళ్ళ తరబడి అజ్ఞాతంలో బతికి, 2016 తర్వాతే బయటికి వచ్చాడని పత్రికల్లో చదివాం.

2016 వరకు ఎందుకు ఆగాల్సి వచ్చింది? ఈ హత్యలో ప్రధానంగా వినిపించిన పేరు భువనగిరికి చెందిన నయీం. ఒకప్పుడు నక్సలైటు, తర్వాత వాళ్ళకే శత్రువై ముఠా నడిపిన మనిషి. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎదురుకాల్పుల్లో అతడు చనిపోయాడని పోలీసులు ప్రకటించారు. చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆలోచించండి. చనిపోయిన మనిషిని కోర్టు విచారించదు. నీ వెనుక ఎవరున్నారు, నీకు అండ ఇచ్చింది ఎవరు అన్న ప్రశ్నలకు అతడు ఇవ్వగలిగిన జవాబులు అతడితోనే పోయాయి. చంపిన చేయి పోయినంత మాత్రాన చేయించిన నోరు దొరికినట్టు కాదు.

పోలిక ఎంతవరకు?

ఈ కథలన్నీ ఒక్కటే అని నేను అనడం లేదు. టుపాక్, బిగ్గీల గొడవలో గాయకుడు గాయకుడిని తిట్టాడు. కంపెనీల పోటీ, వీధి ముఠాల పగ అందులో కలిసిపోయాయి. గద్దర్, లలితల మీద దాడికి ఏ పాటగాడి ఈర్ష్యా కారణం కాదు. వాళ్ళ పాట బలవంతులకు ఇబ్బంది అయ్యింది.

రెండింటికీ నడుమ పంజాబ్ కనిపిస్తుంది. 1988 మార్చి 8న అమర్ సింగ్ చమ్కీలా అనే దళిత గాయకుడిని, తోడుగా పాడే భార్య అమర్‌జోత్‌ను, బృందంలోని మరో ఇద్దరిని మెహసాంపూర్ గ్రామంలో కాల్చి చంపారు. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు. 2022 మే 29న రాప్ గాయకుడు సిద్ధూ మూసేవాలాను మాన్సా జిల్లాలో కాల్చి చంపారు. వయసు 28. చనిపోవడానికి రెండు వారాల ముందు అతడు విడుదల చేసిన ఒక పాట టుపాక్ చావును తలచుకుంటూ చేసినది. దాని ముఖచిత్రం మీద టుపాక్‌ను కాల్చినప్పుడు అతడు ఉన్న కారు బొమ్మ ఉంది. లాస్ వెగాస్ తుపాకీ నీడ పంజాబ్ పల్లె దాకా ఎట్లా వచ్చిందో చూడండి. పాటలో తుపాకీ అలంకారంగా ఉంటుంది. రోడ్డు మీద అది అలంకారం కాదు.

ఈ తేడాలన్నీ తీసేస్తే మిగిలే పోలిక ఇది: పోయినవాళ్ళు అందరూ వయసులో చిన్నవాళ్ళు. ఎక్కువమంది పేద ఇళ్ళ నుంచి గొంతు ఒక్కటే ఆస్తిగా వచ్చినవాళ్ళు. చూసినవాళ్ళు భయంతో నోరు మూసుకున్నారు. నిజం తేలని చోట పుకారు వచ్చి కూర్చుంది.

ఆరోపణ వేరు, తీర్పు వేరు

ఇది మనం బాగా గుర్తుపెట్టుకోవలసిన భాగం. పోటీ పరీక్షలు రాసే తమ్ముళ్ళకు కూడా పనికి వస్తుంది. ఒక హత్య జరిగితే మొదట ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేస్తారు. అది సమాచారం మాత్రమే. తర్వాత దర్యాప్తు. ఆధారాలు దొరికితే పోలీసులు అభియోగపత్రం, అంటే ఛార్జిషీటు వేస్తారు. అది పోలీసుల మాట. తర్వాత కోర్టులో విచారణ, సాక్షుల వాంగ్మూలం, రెండు వైపులా వాదన. చివరికి తీర్పు. తీర్పు వచ్చేదాకా ఆ మనిషి నిందితుడే, నేరస్థుడు కాదు.

మన దేశంలో హత్య కేసుకు కాలం చెల్లిపోవడం అనేది లేదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆధారం దొరికినా కేసు నడపవచ్చు. కానీ నిందితుడు చనిపోతే అతడి మీద విచారణ అక్కడితో ఆగిపోతుంది. సాక్షి భయపడితే కేసు కూలిపోతుంది. అందుకే సాక్షుల రక్షణ పథకం, 2018 వచ్చింది. 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించి, చట్టం వచ్చేదాకా అన్ని రాష్ట్రాలూ పాటించాలని చెప్పింది. 1999లో భువనగిరిలో ఇట్లాంటిది ఏదీ లేదు.

కాబట్టి 'ఫలానా వాడే చంపాడంట' అని ఎవరైనా చెప్పినప్పుడు మనం అడగాల్సింది మూడు ప్రశ్నలు. చెప్పింది ఎవరు? ఎక్కడ రుజువైంది? ఎవరి ముందు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే అది ముచ్చటే.

తేలిన కేసులు ఎట్లా తేలాయి?

అన్ని కేసులూ తేలకుండా పోలేదు. 1989 జనవరి 1న ఢిల్లీ దగ్గర ఝండాపూర్‌లో వీధినాటకం ఆడుతున్న సఫ్దర్ హష్మీ బృందం మీద దాడి జరిగింది. మరుసటి రోజు హష్మీ చనిపోయాడు. అదే దాడిలో రామ్ బహదూర్ అనే కార్మికుడు కూడా తుపాకీ గుండుకు బలయ్యాడు. జనవరి 4న హష్మీ భార్య మొలొయశ్రీ, బృందం అదే చోటికి తిరిగి వెళ్ళి, ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు. 14 ఏళ్ళు పట్టినా, 2003 నవంబరులో గాజియాబాద్ కోర్టు 10 మందికి జీవిత ఖైదు విధించింది.

చిలీ దేశంలో 1973 సెప్టెంబరులో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుని, విక్టర్ హారా అనే ప్రజా గాయకుడిని ఒక స్టేడియంలో బంధించి చంపింది. భార్య జోన్ హారా శవాన్ని వెతికి తెచ్చుకుని పూడ్చిపెట్టింది. తర్వాత జీవితమంతా ఆ కేసు వెంటే తిరిగింది. 2018లో మాజీ సైనికాధికారులను కోర్టు దోషులని తేల్చింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 50 ఏళ్ళు! అదే ఏడాది నవంబరులో జోన్ చనిపోయింది. హారాను చంపిన స్టేడియానికి ఇప్పుడు హారా పేరే ఉంది.

ఈ రెండు కేసులకూ, మన కేసులకూ తేడా ఎక్కడుంది? చంపినవాళ్ళు అక్కడ బలహీనులేం కాదు. ఒకచోట సైన్యమే. కానీ అక్కడ కేసును వదలని మనుషులు ఉన్నారు. వాళ్ళ చుట్టూ సంఘం నిలబడింది. రికార్డు నిలబడింది. ఒక్క మనిషి పట్టుదలే చాలు అని కూడా అనలేం. వొలెటా వాలెస్ పట్టుదల ఎవరికీ తక్కువ కాదు. అయినా ఆమెకు తీర్పు దక్కలేదు. ఇక లలిత కుటుంబానికి ప్రాణాలు కాపాడుకోవడమే పెద్ద పనైంది. పేదవాడి హత్య తేలాలంటే పేదవాడే అంతా మోయాలనడం న్యాయం కాదు. మోయాల్సింది సమాజం, ప్రభుత్వం.

'పాటకు చావు లేదు' అన్న మాట గురించి

మన సభల్లో, వర్ధంతుల్లో ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. పాటగాడిని చంపగలరు గానీ పాటను చంపలేరని. వినడానికి ధైర్యంగా ఉంటుంది. అందులో కొంత నిజం ఉంది. కానీ పూర్తి నిజం కాదని నా అభిప్రాయం.

లలిత బతికి ఉంటే 2014 జూన్ 2న తెలంగాణ వచ్చిననాడు ఆమెకు 40 ఏళ్ళు. ఆ 15 ఏళ్ళలో ఆమె కట్టాల్సిన పాటలు ఎక్కడున్నాయి? లేవు. అవి పుట్టనే లేదు. ఆమె గతి చూసి భయపడి, ఇంట్లో వాళ్ళు వద్దంటే ఆగిపోయిన ఆడపిల్లల గొంతులు ఎన్ని ఉంటాయో ఎవరు లెక్కపెట్టగలరు? పాటకు చావు లేదని చెప్పుకుని మనం తృప్తిపడితే, చంపినవాడికి పని తేలికవుతుంది. తేలని హత్య ఒక ఆసక్తికరమైన కథ కాదు. అది సమాజం నెత్తిన ఉన్న బాకీ. టుపాక్ విషయంలో ఆ బాకీని సినిమాలుగా, పుస్తకాలుగా అమ్ముకున్నారు. లలిత విషయంలో మరిచిపోయారు. రెండూ బాకీ తీర్చడం కాదు.

మనం చేయగలిగింది

మనం పోలీసులం కాదు, జడ్జీలం కాదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. మీలో కూడా చాలామంది మీ ఇళ్ళలో మొదటివాళ్ళే. చదువు మనకు ఇచ్చిన బలం ఒకటుంది: రాసిపెట్టడం. మన తాతలు పాట కట్టారు గానీ రాయలేదు. అందుకే ఎవరి పాట ఎవరిదో తెలియకుండా పోయింది. మీ ఊళ్ళో పాడే ఒగ్గు పూజారి, డప్పు కొట్టే పెద్దమనిషి, బతుకమ్మ పాట ఎత్తుకునే అవ్వ ఉంటే వాళ్ళ పేరు, ఊరు, పాట, తేదీ రాయండి. పాట వల్ల ఎవరైనా ఇబ్బంది పడి ఉంటే అది కూడా, విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు విడివిడిగా రాయండి. జోన్ హారాకు 45 ఏళ్ళ తర్వాత కోర్టులో పనికివచ్చింది అట్లాంటి రికార్డే.

రాప్ వినండి. రాయండి, పాడండి. మన బాధను మన యాసలో చెప్పడానికి అది మంచి పనిముట్టు. ప్రాస కోసం ఎదుటివాడి తల్లిని, కులాన్ని తిట్టకండి. తుపాకీ పట్టుకున్నట్టు ఫొటో దిగితే గొప్ప కాదు. టుపాక్‌కు 25, బిగ్గీకి 24, లలితకు 25. నాకిప్పుడు 23. వాళ్ళ వయసు ఎంత చిన్నదో ఇప్పుడే అర్థమవుతున్నది.

స్టడీ అవర్‌లో చర్చకు:

1. నిందితుడికి, నేరస్థుడికి తేడా ఏమిటి? నయీం ఉదాహరణతో చెప్పండి.

2. సఫ్దర్ హష్మీ కేసు తేలడానికి, చమ్కీలా కేసు తేలకపోవడానికి కారణాలు ఏమై ఉంటాయి?

3. సాక్షికి రక్షణ లేకపోతే కేసు ఏమవుతుంది?

4. మీ ఊరి పాటగాళ్ళలో ముగ్గురి పేర్లు రాయండి. రాయలేకపోతే సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అడిగి తెలుసుకుని రాయండి.